ఒంటిగంట బస్సు గ్రూపు

మా దిక్కు ఆడపిల్ల పది పాసైతే మార్కులెన్ని అని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. "ఒంటిగంట బస్సా, ఐదింటి బస్సా?" అని అడిగేవాళ్ళు. బయటివాళ్ళకు ఇదేం ప్రశ్నో తెలియదు కాబట్టి చెబుతాను. బాన్సువాడ సర్కారు కాలేజీలో సీఈసీ గ్రూపుకు సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్ పాఠాలు పొద్దున మొదలై మధ్యాహ్నానికల్లా అయిపోయేవి. ఆ పిల్లలు ఒంటిగంట బస్సెక్కి అన్నం వేళకు ఇల్లు చేరేవాళ్ళు. బైపీసీ పిల్లలకు మధ్యాహ్నం పూట ప్రాక్టికల్స్ ఉండేవి. వాళ్ళకు దొరికేది ఐదింటి బస్సు. నస్రుల్లాబాద్ వైపున్న మా ఊళ్ళకు అదే ఆఖరు బస్సు, అది పోతే ఇంకేమీ లేదు. అందుకని ఆడపిల్ల తెలివి ఎలాంటిదైనా గ్రూపు మాత్రం బస్సును బట్టే ఖాయమయ్యేది. సంబంధాలు మాట్లాడేటప్పుడు కూడా "మా పిల్ల ఒంటిగంట బస్సుకే వస్తది" అని చెప్పుకునేవాళ్ళు, అదొక గుణమైనట్టు. ఎవడు పెట్టాడో ఈ లెక్క, వాడి నోట్లో మన్ను పడ!

తొంభైల మొదట్లో నేను ఐదింటి బస్సు పిల్లను. ఊరు మొత్తానికి నేనొక్కదాన్నే. నెల రోజులు అన్నం మీద అలిగి, ఏడ్చి బాపును ఒప్పించుకున్నాను. "గింతగనం అడుగుతున్నవు గదా, పో. కానీ ఒక్కనాడు బస్సు తప్పిందనుకో, ఇగ గంతే" అన్నాడు. డాక్టరు కావాలనే ఆశలేమీ నాకు లేవు. కాలేజీలో మొదటి నెలలోనే ఉల్లిగడ్డ పొర తీసి గాజు ముక్క మీద పెట్టి సూక్ష్మదర్శినిలో చూపించారు. రోజూ ఇంట్లో కోసే ఉల్లిగడ్డే. దాని లోపల ఇటుకలు పేర్చినట్టు గళ్ళు గళ్ళుగా కనిపించేసరికి మళ్ళీ మళ్ళీ కన్ను పెట్టి చూశాను. ఇంటికి వచ్చి అవ్వ కూరకు ఉల్లిగడ్డ కోస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. "దాంట్ల ఏముంటదే, కండ్ల నీళ్ళు తప్ప?" అని నవ్వింది. నాకు మాత్రం వంటింట్లో ఉన్న ప్రతి వస్తువునూ ఆ అద్దం కింద పెట్టి చూడాలనిపించేది.

చెరకు కొట్టే రోజులొచ్చాయి. పొద్దు గబగబా గూకిపోయేది. ఒకనాడు ప్రాక్టికల్స్ అయ్యాక బస్టాండుకు వస్తే బస్సు లేదు. దారిలో ఎక్కడో ఆగిపోయిందని, ఇవాళ ఇక రాదని చెప్పి బస్టాండు కంట్రోలరు తన గది కిటికీ మూసేసుకున్నాడు. మావైపు మగపిల్లలు ఇద్దరు ఎవరిదో సైకిలు పట్టుకుని వెళ్ళిపోయారు. నేనొక్కదాన్నే మిగిలాను. చాయ్ బండి దగ్గరున్న ఒకతను వచ్చి ఏ ఊరని అడిగాడు. రెండోసారి వచ్చి దింపుతానన్నాడు. మూడోసారి వచ్చేసరికి నేను అక్కడ నిలబడలేకపోయాను. ఫ్యాక్టరీలో చెరకు దింపి ఖాళీగా పోతున్న ట్రాక్టరుకు చెయ్యెత్తి ట్రాలీలోకి ఎక్కేశాను. ముందు డ్రైవరు, పక్కన ఇంకొకడు. ఇద్దరూ తెలియనివాళ్ళే. ప్రాక్టికల్ పెట్టె తెరిచి అందులోని సూది తీసి పిడికిట్లో పట్టుకున్నాను. దారి పొడుగునా ఎటూ చూడకుండా ఆ ఇద్దరి వీపులనే చూస్తూ కూర్చున్నాను. మా ఊరి మలుపు దగ్గర డ్రైవరు బండి ఆపి, "దిగు చెల్లె, మెల్లగ" అన్నాడు. అంతే. ఆ రోజు నాకు ఏమీ కాలేదు. ఈ మాట గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే తర్వాత జరిగిందంతా ఆ ఏమీ కాని దాని గురించే.

దీపాలు పెట్టే వేళ. మలుపు దగ్గర బాపు, ఆయన వెనక సగం ఊరు. బాపు బీడీ వెలిగించుకోవాలని చూస్తున్నాడు, అగ్గిపుల్లలు ఒకదాని తర్వాత ఒకటి ఆరిపోతున్నాయి. చేతులు అంతగా వణుకుతున్నాయి. కోపంతో వణుకుతున్నాడనుకున్నాను.  పొద్దున నేను సంచీ సర్దుకుంటుంటే, "ఇయ్యాల్టి నుంచి ఒంటిగంట బస్సు. సారుతోని నేను మాట్లాడ్త" అన్నాడు.

"బస్సు రాకుంటే నా తప్పా బాపు?"

"నీ తప్పని ఎవలన్నరు?"

"మరి?"

ఆయన కండువా భుజాన వేసుకుని నా కంటే ముందే కాలేజీకి పోయి గ్రూపు మార్పించి వచ్చాడు. మిగిలిన చదువంతా ఒంటిగంట బస్సే ఎక్కాను. చదువైన ఎండాకాలంలోనే పక్క ఊరికి ఇచ్చి పెండ్లి చేశారు. బాపు మీద కోపం మాత్రం ఆయన పోయినా నాకు పోలేదు. ఉల్లిగడ్డ కోసినప్పుడల్లా గుర్తు చేసుకుని మరీ కోపం తెచ్చుకునేదాన్ని.

అత్తగారి ఊళ్ళో ఇంటర్ చదివిన కోడలు అంటే నేనే. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ఊరందరి కాగితాలూ నా దగ్గరికే వచ్చేవి. రేషన్ కార్డు, పింఛను, బ్యాంకు, పిల్లల హాస్టలు, ఏదైనా సరే. ముసలివాళ్ళు ఖాళీ కాగితం మీద ముందే వేలిముద్ర వేసి, "నువ్వే నింపు బిడ్డా" అని ఇచ్చి పొలానికి వెళ్ళిపోయేవాళ్ళు. నేనేం రాశానో ఎవరూ చదివించుకునేవాళ్ళు కాదు. నా కూతురు ఇది చూస్తూనే పెరిగింది.

నా కూతురికి బర్రెలంటే ప్రాణం. బర్రె ఈనుతుంటే ఆడపిల్లను దూరం పొమ్మంటారా, అది పోయేది కాదు. పశువుల డాక్టరు పక్కన నిలబడి దీపం పట్టుకునేది. ఏడో తరగతిలోనే పశువుల డాక్టరునైతానని ఊరంతా చాటింపు వేసింది. "ఆడపిల్ల బర్లకు సూదేస్తదా?" అని ఊళ్ళోవాళ్ళు పొట్ట చేత పట్టుకుని నవ్వారు. నేను వాళ్ళ మీదికి పోయాను. "ఏం, బర్రె ఆడది కాదా?" అన్నాను. రెండువేల ఏడో ఎనిమిదో, అది పది మంచి మార్కులతో పాసైంది. మా ఆయన నన్ను చూసి, "నువ్వు సదువుకున్నదానివి, నీకే ఎర్క" అన్నాడు. నేను దాని తల మీద చెయ్యి వేసి, "బైపీసీనే తీస్కో. ఎవడేమంటడో నేను జూస్త" అన్నాను. అబ్బో, ఎంత ధైర్యం! ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను.

భయం ఆ తర్వాత మొదలైంది. అప్పటికి ఆటోలొచ్చేశాయి, ఐదింటి బస్సు తప్పినా ఇంకో దారి ఉంది కదా అని అందరూ చెప్పేవాళ్ళు. ఆ ఆటోలు ఎలా ఉండేవో నేను చూస్తూనే ఉన్నాను. లోపల ఏడుగురు పట్టేదాంట్లో పదిహేను మంది, డ్రైవరుకు అటొకరు ఇటొకరు, పాట గట్టిగా పెట్టి కాలువ గట్టున తోలుకుంటూ పోయేవాళ్ళు. వెనక బండ్ల మీద పోరగాళ్ళు. కూరగాయలు కొంటున్నా, వడ్లు ఎండబోస్తున్నా నా కళ్ళ ముందు అదే బస్టాండు, అదే చాయ్ బండి, మూడోసారి నడిచొస్తున్న ఆ మనిషి. కాకపోతే అక్కడ నిలబడ్డది నేను కాదు, నా బిడ్డ. నాకు అప్పుడు చేతిలో సూదన్నా ఉంది, దీని చేతిలో ఏముంటుంది? ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్పను? ఏమీ కానిదాన్ని తలుచుకుని ఇన్నేళ్ళ తర్వాత వణుకుతున్నానని చెప్పుకోవడానికి సిగ్గేసింది.

అదే బాన్సువాడ కాలేజీలో చేరే రోజు ఇద్దరం పోయాం. వరండా కిటకిటలాడుతోంది. నా బిడ్డ ఫారం తీసుకుంది, కింద తన సంతకం పెట్టేసింది. "మిగిలింది నువ్వే నింపమ్మా, నీ రాత మంచిగుంటది. నేను జిరాక్స్ తీస్కొస్త" అని నా చేతికిచ్చి గేటు బయటికి పరుగెత్తింది. పేరు రాశాను. తండ్రి పేరు, ఊరు, మార్కులు రాశాను. గ్రూపు గడి దగ్గరికి వచ్చాను. అటుగా పోతున్న సారును ఆపి, ప్రాక్టికల్స్ ఎప్పటిదాకా ఉంటాయని అడిగాను. ఎందుకు అడిగానో! తెలియకనా? "నాలుగున్నర. ఒక్కోరోజు ఐదు కూడా అయితదమ్మా" అని ఆయన పోయాడు. నా చెవుల్లో ట్రాక్టరు చప్పుడు. నా చేయి నా చేయి కానట్టు, ఆ గడిలో సీఈసీ అని గుండ్రంగా, అందంగా రాశాను.

అది వచ్చింది, జిరాక్సులు వెనక గుచ్చింది, ఫారం వైపు చూడనైనా చూడలేదు. నా రాతను ఎవరు సరిచూస్తారు? కిటికీలో ఇచ్చేసింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ప్రాక్టికల్స్‌లో ఏమేం కోస్తారని నన్ను ఒకటే అడగడం. "పువ్వులు కోస్తరు" అన్నాను. "ఇంకా?" "ఉల్లిగడ్డ పొర తీస్తరు." ఎలా చెప్పానో ఆ మాటలు, నాకే అసహ్యం. సీట్లు నిండిపోయాయని, కాలేజీ వాళ్ళే మార్చారని చెబుదామని ఒక అబద్ధం తయారుచేసుకుని పెట్టుకున్నాను. కొన్నాళ్ళు ఏడుస్తుంది, తర్వాత మరిచిపోతుంది అనుకున్నాను. నేను మరిచిపోయానా? ఆ ప్రశ్న రాకుండా మనసుకు గడియ పెట్టాను.

వారం తర్వాత జాబితా అంటించారు. సీఈసీలో తన పేరు చూసి అది ఏడవలేదు, నవ్వింది. "అమ్మా, వీళ్ళు తప్పేసిండ్రు, దా అడుగుదాం" అని నా చెయ్యి పట్టుకుని ఆఫీసులోకి లాక్కుపోయింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. అప్పుడైనా చెప్పాల్సింది. బల్ల వెనక నడివయసు గుమాస్తా ఉన్నాడు.

"సార్, నాది బైపీసీ సార్. మీరు సీఈసీల వేసిండ్రు."

"మేమెందుకు వేస్తమమ్మా? నువ్వేది రాస్తే గదే."

"లే సార్. ఫారం తీయండి, సూడండి."

ఆయన విసుక్కుంటూ కట్ట విప్పాడు. ఒక్కో ఫారం తిప్పుతున్నాడు. ఆ కాగితాల చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. దానిది దొరికింది. తీసి దాని ముందు పెట్టి, గ్రూపు గడి మీద వేలు పెట్టాడు. "ఇదేంది మరి?"

నా బిడ్డ ఆ గడిని చూసింది. నా అక్షరాలు దానికి ఒకటో తరగతి నుంచి తెలుసు, నేనే పలక మీద దిద్దించాను. తల తిప్పి నన్ను చూస్తుందనుకున్నాను. చూడలేదు.  గుమాస్తాతో చిన్నగా అంది.

"నేనే రాసిన సార్. తొందర్ల తప్పు రాసిన."

"ఏం పిల్లవమ్మా నువ్వు? పదిల గిన్ని మార్కులు తెచ్చుకున్నవు, నీ గ్రూపు పేరు నీకు రాయరాదా?" అని గుమాస్తా అందుకున్నాడు. గదిలో ఉన్నవాళ్ళంతా మావైపు తిరిగారు. తలకాయ ఎక్కడ పెట్టుకున్నావన్నాడు, కళ్ళు లేవా అన్నాడు. అది తల వంచుకుని అన్నీ పడింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఊరివాళ్ళ మీదికి లేచే నా నోరు అక్కడ ఏమైందో తెలియదు. తల కొట్టేసినట్టయింది. చివరికి ఆయన, "బైపీసీ నిండింది. ఎవరన్న టీసీ తీస్కపోతే సూద్దాం, లేకుంటే గిదే" అని కట్ట మూసేశాడు.

బస్సులో అది నా పక్కన కూర్చోలేదు, ముందు సీటులో కూర్చుంది. ఊరు దగ్గరికొస్తుండగా లేచి నా పక్కకు వచ్చింది.

"ఎందుకమ్మా?"

చెప్పాను. బస్టాండు, చాయ్ బండి, ట్రాక్టరు, సూది, అగ్గిపుల్లలు, అన్నీ. మా ఆయనకు కూడా చెప్పని సంగతి. అది పూర్తిగా విన్నది.

"ఆనాడు నీకేమన్న అయ్యిందా?"

"ఏంగాలే."

"మరి?"

ఆనాడు నేను బాపును అడిగిన మాటే.

ఆ తర్వాత మూడు రోజులు పొద్దున బస్సుకు పోయి ఆఫీసు ముందు బెంచీ మీద కూర్చున్నాం. అది నాతో మాట్లాడలేదు. వాళ్ళ నాన్నకు కూడా చెప్పలేదు, చెబితే బాగుండునని నేనే కోరుకున్నాను. ఇన్నాళ్ళు బిడ్డకు దారిలో ఏమవుతుందోనని భయపడ్డదాన్ని, ఇప్పుడు నా చేత్తోనే దాని బతుకు పాడు చేశానేమోనని కుమిలిపోయాను. ఎవరి తండ్రైనా లోపలికి పోతే టీసీ కోసమేమోనని లేచి నిలబడేదాన్ని. కాకపోతే మళ్ళీ కూర్చునేదాన్ని. కొంగు ముడి వేసి విప్పుతున్న నా చేతులు ఒకసారి కళ్ళబడ్డాయి. అచ్చం బాపు చేతుల్లా వణుకుతున్నాయి. ఆ రోజు మలుపు దగ్గర ఆయనకు వచ్చింది కోపం కాదు. ఆ ముక్క ఆయన బతికుండగా నాకు తెలిస్తే ఒక్కసారన్నా మంచిగా మాట్లాడేదాన్ని.

మూడో రోజు పిట్లం వైపు నుంచి వచ్చిన ఒకాయన కొడుకును నిజామాబాద్‌లో చేర్పిస్తానని టీసీ తీసుకుపోయాడు. గుమాస్తా మమ్మల్ని పిలిచాడు. "నీ నసీబు బాగుంది" అని దానితో అని, నాకు తెల్ల కాగితం ఇచ్చాడు. గ్రూపు మార్చమని తల్లి తన చేత్తో దరఖాస్తు రాయాలట, ప్రాక్టికల్స్ సాయంత్రం దాకా ఉంటాయని తెలుసునని కూడా రాయాలట. రాసిచ్చాను. ఆయన నా దరఖాస్తు చూశాడు. పాత ఫారం తీసి పక్కన పెట్టి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ముద్ర కొట్టాడు. తిట్టినా అంత కాలేది కాదు.

ఐదింటి బస్సు రోజుల్లో నేను నాలుగింటి నుంచే పని చేయలేకపోయేదాన్ని. పాలు పొంగిపోయేవి. మలుపు దాకా పోయి నిలబడితే అది దిగి, "మల్లొచ్చినవా?" అని విసుక్కునేది. చెరకు రోజుల్లో ఒకనాడు బస్సు రానే లేదు. పొద్దు గూకాక ఆటోలో, పదిహేను మంది నడుమ నలిగి దిగింది.  ఇంటికి పోయే దాకా పళ్ళు బిగపట్టుకుని, ఎదురుగా వచ్చిన మా ఆయన మీద అరిచాను. భయం తగ్గిందని చెప్పను, తగ్గలేదు.

ఆ రెండేళ్ళు అది తన కాగితం ఒక్కటి కూడా నాతో నింపించలేదు. బస్సు పాసు, స్కాలర్‌షిప్, అన్నీ తనే రాసుకుని, సంతకం చోటు మాత్రం నా ముందు పెట్టేది. ఊరంతా నా దగ్గరికి కాగితాలు తెస్తుంటే, నా ఇంట్లోనే నా చేతికి కాగితం రాదు. అడిగే మొహం నాకు లేదు.

రెండో ఏడు చివర్లో పశువుల డాక్టరు చదువుకు ఎంట్రెన్స్ పరీక్ష ఫారం తెచ్చింది. నేను గడపలో కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాను. పెన్నూ ఫారం నా పక్కన పెట్టి, "నింపమ్మా" అంది. చూశాను. మొత్తం ఖాళీ. అడుగున మాత్రం దాని సంతకం ఉంది. ముందే పెట్టేసింది.

 చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, మళ్ళీ కడుక్కున్నాను. "ఇటు రా, పక్కన కూసో. నేను రాస్తుంటె సూడు" అన్నాను.

"బర్రెకు కుడితి పెట్టాలె. నువ్వు రాయరాదు" అంటూ బకెట్ తీసుకుని కొట్టం వైపు వెళ్ళిపోయింది.

ఫారం మోకాళ్ళ మీద పెట్టుకుని, పేరు కూడా రాయకముందే, మొదట గ్రూపు గడిలో బైపీసీ అని నింపాను.